గీత పడని మోకాళ్లు

కర్నూలు,
ఆదివారం, ఆరాధన అయి ఇల్లు చేరినాక

అన్న జయకుమార్‌కు,

చెల్లెలు రెజీనా వందనాలు. దేవుని దయ వల్ల ఈడ అమ్మా, మీ బావా, నేనూ బాగుండాము. ఆ ఎడారి ఎండలో నువ్వు వేళకు తింటా, వేళకు పండుకుంటా ఉన్నావని నమ్ముతాను. రేపు ఆదోని హనుమేష్ సెలవు ముగించుకుని కువైట్ బండెక్కుతాండాడు. ఆయన చేతికి అమ్మ పెట్టిన గోంగూర ఊరగాయ డబ్బా, ఈ ఉత్తరం రెండూ ఇస్తాండా. ముందు డబ్బా తెరువు. అన్నం తిన్నాక ఉత్తరం చదువు.

చేతిలో ఫోనుండగా ఉత్తరమేందే అంటావు. ఫోన్లో నేను రెండో మాట ఎత్తేలోపే "సరేలేమ్మా, డ్యూటీకి టైమైంది" అని పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు. పెట్టినా మళ్లీ అదే చోట నుంచి మాట్లాడతాది.

మన పాప జెస్సీకి మా కాలేజీ ఫుట్‌బాల్ హాస్టల్లో సీటు రాలేదని వదిన కడప నుంచి నీకు ఈపాటికి చెప్పే ఉంటాది. చెప్పింది నిజమే. అయితే అది సగమే. మిగిలిన సగం నేనే చెప్పాల, చెప్తాను. ముందు నువ్వు పోయినసారి ఫోన్లో అడిగి, జవాబు వినకుండా పెట్టేసిన సంగతులు.

అమ్మ కన్ను బాగుండాది. ఆపరేషన్ అయినాక లోకమంతా తెల్లగా ఉండాదంటాంది. పోయినవారం మా పాస్టరమ్మ మొహం చూసి "ఇన్ని మచ్చలుండాయని నాకు తెలీదమ్మా" అనేసింది. కళ్లద్దాలు పెట్టుకోమంటే పెట్టుకోదు. నందికొట్కూరులో మన చేను కౌలుకు తీసుకున్న శాంతయ్య ఈ ఏడు కొర్ర వేస్తాడంట, వాన పడితే. పడలేదు ఇంకా. మీ బావకు షుగరు అదుపులో ఉండాది, నాలుకే అదుపులో లేదు. నా ఉద్యోగం పర్మనెంట్ అయ్యిందా అని అడిగినావు. కాలేదు. అయ్యేటట్టూ లేదు. ఎందుకు లేదో ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే అర్థమవుతాది.

ఇప్పుడు జెస్సీ సంగతి.

మా పని ఏందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పీడీ అంటే విజిల్ ఊదే ఉద్యోగమనుకుంటావు నువ్వు. ఏటా ఎండాకాలంలో పదో తరగతి అయిన పిల్లలు నాలుగు దిక్కుల నుంచి వస్తారు. వాళ్లల్లో కొందరిని ఏరుకుని, ఇంటరూ డిగ్రీ కలిపి ఐదేండ్లు తిండీ చదువూ ఇచ్చి ఆడిస్తాము. అంటే పదహైదేండ్ల పిల్లను చూసి ఇరవై ఏండ్లకు ఏమవుతాదో ఈ పొద్దు చెప్పాల. ఇది ఉద్యోగమా, చిలక జోస్యమా అని నాకే అనుమానమొస్తాది. నాకు అనుమానం ఎక్కువని నీకు తెలుసు గదా. గ్యాస్ ఆపినానా లేదా అని సగం దావ నుంచి వెనక్కొచ్చే మనిషిని.

ఎంపికకు ముగ్గురం. పెద్ద కోచ్ హెన్రీ సారు, వీడియోలు చూసే అరుణ్ కుమార్, నేను. హెన్రీ సారు ముప్పై ఏండ్లుగా ఆటగాళ్లను తయారు చేసిన మనిషి, ఆయన చూసే తీరే వేరు. ముందు పిల్లను కాదు, పిల్ల పక్కనున్న తల్లిని చూస్తాడు. తల్లి ఎంత పొడుగో పిల్ల అంత లేస్తాదని లెక్క. తర్వాత మోకాళ్లు చూస్తాడు. మోకాళ్ల మీద పాత గీతలుంటే ఆ పిల్ల బంతి కోసం నేల మీద పడతాది, ధైర్యముండాది అని. అరుణ్ కుమార్‌కు మనిషితో పని లేదు. అకాడమీలు పంపే వీడియోలను కంపెనీ యాప్‌లో వేస్తే అది స్టార్లు ఇస్తాది. ఆయన స్టార్లు చదువుతాడు.

ఈ ఏడు అందరినీ తీసుకున్నాక ఒక్క సీటు మిగిలింది. నడిమిలో ఆడే పిల్లకు. దానికి మిగిలింది ఇద్దరు. ఒకరు మన జెస్సీ. రెండో పిల్ల బేతంచెర్ల నుంచి వచ్చిన నాగలత. వాళ్ల నాయన వీరభద్ర బండల లారీకి లోడెత్తుతాడు, అమ్మ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాది.

మొదటి రోజే నేను చెప్పేసినా. "సార్, జెస్సీ నా సొంత అన్న కూతురు. ఆ పాపకు నేను మార్కులెయ్యను."

హెన్రీ సారు నవ్వి, "మంచిదమ్మా. నువ్వు నీడలో కూర్చో. మేమిద్దరం చూసుకుంటాము" అన్నాడు.

అట్ల నేను నీడలో కూర్చున్నా. జెస్సీ పరుగు చూసినా అన్నా. నా కళ్లు నిండినాయి, దాచేదేముంది. నీ కాళ్లే వచ్చినాయి పాపకు. పొడుగు, వేగం, కుడి కాలూ ఎడమ కాలూ ఒకటే. కడప అకాడమీలో నువ్వు పెట్టిన ఖర్చు యాడికీ పోలేదు. యాప్ నాలుగు స్టార్లు ఇచ్చింది. మోకాళ్ల మీద నాలుగైదు గీతలుండాయి. వదిన పక్కన నిలబడితే హెన్రీ సారు తల పైకెత్తి చూసి తృప్తిగా తలాడించినాడు.

నాగలతకు రెండు స్టార్లు. వాళ్ల బడి సారు ఫోన్లో తీసిన వీడియో అది, సగం సేపు ఆయన వేలే కనపడతాది. పిల్ల పొట్టి. ఎడమ కాలు బాగుండాది, కుడికాలు నిలబడేదానికే. హెన్రీ సారు అడిగినాడు.

"మీ అమ్మ రాలేదా పాపా?"

"పనికి పోయింది సార్."

"పేరేంది అమ్మది?"

"గిడ్డమ్మ సార్."

"ఇంగ చూసే పనే లేదు, పొట్టి అని పేరే చెప్తాంది" అని అరుణ్ కుమార్ వైపు తిరిగి నవ్వినాడు. ఆ పిల్ల కూడా నవ్వింది. బడిలో అలవాటైన నవ్వు అది. తర్వాత మోకాళ్లు చూసినాడు. నున్నగా ఉండాయి. ఒక్క గీత లేదు. ఆటలో కూడా చూసినాము, ఎదుటి పిల్ల బంతి తోసుకుని పోతాంటే జారి అడ్డం పడాల్సిన చోట పడదు. నిలబడే ఉంటాది. సారు తేల్చేసినాడు. "భయం. నేలంటే భయం. దీన్ని నడిమిలో పెడితే మనల్ని ముంచుతాది."

నేను మార్కులెయ్యననే మాట మీదే ఉంటే కథ ఆడికే అయిపోయేది. సీటు జెస్సీకి. నా చెయ్యి పడకుండా, న్యాయంగా. వదిన స్వీట్లు పంచేది, నువ్వు ఫోన్ చేసి పాట పాడేవాడివి.

కానీ ఆ నున్నటి మోకాళ్లు నాకు మింగుడు పడలేదు అన్నా. భయపడే పిల్ల బంతికి దూరంగా ఉంటాది. ఇది దూరంగా లేదు. ఎదుటి పిల్లకు బంతి అందే చోటికి బంతికంటే ముందే చేరి నిలబడి ఉండాది. పడాల్సిన అవసరమే రానియ్యలేదు. అది తెలివా, అదృష్టమా? మూడుసార్లు చూసి కూడా చెప్పలేకపోయినా. అందుకని ఆ శనివారం ఎవరికీ చెప్పకుండా రైలెక్కి బేతంచెర్లలో దిగినా.

నువ్వు ఆ ఊరు చూసి శానా ఏండ్లయింది. ఇంకా అట్లే ఉండాది. ఆకుల మీద, సైకిళ్ల మీద, మనుషుల కనురెప్పల మీద తెల్లటి రాతిపొడి. గిడ్డమ్మ ఫ్యాక్టరీ గేటు దగ్గరే దొరికింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"కొలిచేకి వచ్చినారా మేడమ్మా? టేపు తెచ్చుకున్నారా?"

పిల్ల ఇంటికొచ్చి అంతా చెప్పింది కాబోలు.

"మా అమ్మ ఇంగా పొట్టి," అన్నది ఆమె. "ఆయమ్మ ఈ బండలే ఎత్తింది. మా నెత్తిన బండలు పెట్టకుండా ఉంటే మేమూ లేస్తుంటిమేమో."

"ఆట చూసేకి వచ్చినానమ్మా," అన్నా.

"చూడండి. చూసేదానికి దుడ్లు అడగంలే," అని నవ్వి, ఫ్యాక్టరీ వెనక్కి దావ చూపించింది.

అన్నా, ఆ పిల్లలు ఆడేది మట్టి మీద కాదు. మూతపడిన పాలిష్ యూనిట్ పెరడు. కిందంతా మిగిలిపోయిన బండలు పరిచినారు, అంచులు కలవవు, అంచులు కత్తులు. దాని మీద బంతి ఆగదు. నీళ్ల మీద పెంకు జారినట్టు జారిపోతాది. అంచుకు తగిలితే ఎటు లేస్తాదో దేవునికే తెలియాల. ఆడ ఎవరూ పడరు. పడితే చర్మం బండకే. మా హెన్రీ సారు వెతికే గీతలు ఆడ ఉండవు. పడినోళ్లకు గీతలు కాదు, కుట్లుంటాయి. వాళ్లు మళ్లీ ఆడరు.

నాగలత ఆడ ఏం చేస్తాందో అప్పుడు తెలిసింది. బంతి కాలికి రాకముందే ఒళ్లు తిప్పేసి ఉంటాది. బంతి యాడికి పోతాదో కాదు, పోయినాక ఏమవుతాదో చూసుకుని నడుస్తాది. పోగొట్టుకున్న వెంటనే తిరుగుతాది. మొహంలో ఏమీ ఉండదు, ఏడుపూ కోపమూ ఏమీ. తిరగడమే. నేలంటే భయం కాదు దానికి. నేల ఏందో తెలుసు.

రైల్లో వస్తా నాకు నాయన గుర్తొచ్చినాడు. సుడోడు గుర్తుండాడా నీకు? సంతలో ఆ కోడెకు పళ్లు సరి, గిట్టలు సరి, నడక సరి. వెన్ను మీద సుడి ఉండాదని ఎవరూ ముట్టలేదు. ఆ సుడి ఉన్న ఎద్దు యజమానిని మింగుతాదని. బసవన్న మామ నాయన చెయ్యి పట్టుకుని లాగినాడు. "ఏమప్పా దావీదురాజూ, చావు కొనుక్కుంటాండావా?" నాయన కోడెను పండబెట్టించి, లేపించి, మళ్లీ పండబెట్టించినాడు. లేచేటప్పుడు ఏ కాలు ముందు పెడతాదో చూసినాడు. "సుడి పెట్టింది దేవుడే గదా బసవన్నా, లేచేది మాత్రం ఇది" అని తోలుకొచ్చినాడు. ఊరంతా మన ఇంట్లో శవం లేస్తాదని చూసింది. మనమేమో దాని వీపెక్కి బడికి పోయినాము.

ఇంగ చెప్పకుండా దాచింది చెప్తాను. చదివి కాగితం చించుతావో, దాచుకుంటావో నీ ఇష్టం.

వదిన హెన్రీ సారును తిడతాంది. ఆయన లంచం తిన్నాడని, మన పాప మీద కోపం పెట్టుకుని కాదన్నాడని నీతో కూడా చెప్పి ఉంటాది. అన్నా, హెన్రీ సారు జెస్సీ పక్షమే. అరుణ్ కుమారూ జెస్సీ పక్షమే. జెస్సీకి సీటు రాకుండా అడ్డం పడింది నేను. నేనొక్కదాన్నే. తిట్టాల్సింది నన్ను.

సోమవారం పొద్దున నీడలో నుంచి లేచి పోయి చెప్పినా. "మార్కులెయ్యనన్న మాట వెనక్కి తీసుకుంటాండా సార్. నా లెక్కలో సీటు నాగలతది."

హెన్రీ సారు కళ్లద్దాలు తీసినాడు. "ఏమమ్మా, అన్నాచెల్లెళ్లకు ఆస్తి తగాదా ఏమన్నా ఉండాదా?"

"లేదు సార్."

"మరి సొంత మేనకోడలి మీద కక్షేంది?"

నేను బండల పెరడు సంగతి చెప్పినా. మోకాళ్ల సంగతి చెప్పినా. జెస్సీ వీడియో పెట్టమన్నా. అందులో ప్రతి ముక్కా పాప కాలికి బంతి తగలడంతో మొదలై, బంతి పోయే చోట కత్తిరించి ఉండాది. ఆటలో బంతి ఒకరి కాళ్ల దగ్గరుండేది రెండు నిమిషాలో మూడు నిమిషాలో. మిగిలిన గంటన్నర ఈ వీడియోలో యాడుందని అడిగినా. ఆ గంటన్నరకు ఎన్ని స్టార్లని అడిగినా. అరుణ్ కుమార్ "యాప్‌లో ఆ ఆప్షన్ లేదు మేడమ్" అన్నాడు పాపం, నిజాయితీగా.

"రేపు మళ్లీ ఆడిద్దాము," అన్నా. "వెనక గులకరాళ్ల గ్రౌండ్‌లో. తల్లులు, ఫోన్లు గేటు బయట."

ఆడించినాము. జెస్సీ బాగా ఆడింది అన్నా, నేను అబద్ధం రాయను. ఒక గోల్ కొట్టింది, చూసినోళ్లు చప్పట్లు కొట్టినారు. అయితే బంతి పోయిన ప్రతిసారీ పాప తల గ్రౌండ్ అంచు వైపు తిరిగింది. వదిన ఎప్పుడూ ఫోన్ పట్టుకుని నిలబడే వైపు. ఆ రోజు ఆడ వదిన లేదు, ఫోను లేదు. అయినా తిరిగింది. రెండు అంగల సేపు, అంతే. ఆ రెండు అంగల్లో నాగలత ఇంకో చోట ఉండాది.

చివరికి హెన్రీ సారు కాగితం నా ముందుకు తోసినాడు. "నాకు నమ్మకం లేదు. ఆ పిల్ల పెరగదు. నీ మాట మీద సంతకం పెడతాను గానీ, తప్పయితే నీ మీదేనమ్మా. నీ కాంట్రాక్టు కూడా వచ్చే నెల నా టేబుల్ మీదికే వస్తాది, గుర్తుపెట్టుకో."

"నా మీదే సార్," అని ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టినా.

నాకు అనుమానం లేదనుకోవద్దు. ఆ సంతకం పెట్టినప్పటి నుంచి అదే నమలతాండా. మేనకోడలిని కాదన్న నీతిమంతురాలు అనిపించుకోవాలనా? పరాయి పిల్ల అయితే ఇంత కొట్లాడేదాన్నా? తిప్పి తిప్పి చూసినా. నాగలత నీ కూతురై ఉండి, జెస్సీ బేతంచెర్ల నుంచి వచ్చి ఉంటే ఏం చేసేదాన్ని? అప్పుడూ నాగలతకే కొట్లాడేదాన్ని, ఇంకా గట్టిగా. నువ్వు శభాష్ అనేవాడివి. అది తెలిసినాక కొంచెం కుదుటపడినా. పూర్తిగా కాదు. ఐదేండ్ల తర్వాత హెన్రీ సారే గెలవొచ్చు. పిల్ల పెరగకపోవచ్చు, గడ్డి మీద తేలిపోవచ్చు. అనుమానముండాది కాబట్టే అన్నా, స్టార్లు చూసి నోరు మూసుకోలేకపోయినా. అనుమానం లేనోళ్లు ఎట్లాగూ సంతకాలు పెడతానే ఉంటారు.

అమ్మ మూడు రోజులు నా చేతి కాఫీ తాగలేదు. "మేనత్త చేతిలో సీటుండి మేనకోడలికి లేదంటే మనుషులేమంటారే? సొంత రక్తానికి అడ్డం పడినావే" అని గోడకు చెప్పినట్టు చెప్తాది. సుడోడి సంగతి ఎత్తినా. "అది ఎద్దు, ఇది నా మనవరాలు" అన్నది. నాల్గో రోజు తాగింది, చక్కెర చాలలేదని తిట్టి.

జెస్సీ కడపకు పోయేముందు నా దగ్గరికొచ్చింది. వదిన ఆటోలో కూర్చుని హారన్ కొట్టిస్తాంది.

"అత్తా, నేను బాగా ఆడలేదా?"

"బాగా ఆడినావు నాన్నా."

"మరి?"

"బంతి పోయినాక నువ్వు ఆడలేదు."

మొహం ఎర్రగా చేసుకుని, బ్యాగు భుజానికేసుకుని పోయింది. వందనాలు కూడా చెప్పలేదు. నేను పిలవలేదు. ఓదార్చి, నా వల్ల కాదు పెద్దోళ్ల వల్ల పోయిందని చెప్పి ఉండొచ్చు. పాపకు అంత చిన్న అబద్ధం చెప్పేకి నాకు నోరు రాలేదు.

కడపలో ఇంటరు చేరమను. ఆట మాననియ్యొద్దు. వచ్చే ఏడు రెండో సంవత్సరంలో ఒక సీటు ఖాళీ అవుతాది, దానికి మళ్లీ రమ్మను. నేను ఆ కుర్చీలో ఉంటే ఇట్లే చూస్తాను, వీసమెత్తు తగ్గించను. ఉండకపోతే, ఎండాకాలమంతా మా ఇంట్లో ఉంచు, పొద్దున్నే గులకరాళ్ల గ్రౌండ్‌కు నేనే తీసుకుపోతా. వదినను మాత్రం ఫోను కడపలోనే పెట్టి రమ్మను.

నీకు కోపమొస్తాది. రానీ. ఆరు నెలలు నాతో మాట్లాడవు, నాకు తెలుసు, నీదీ నాదీ ఒకటే రక్తం. నేను క్షమించమని అడగడం లేదు. డిసెంబరులో నువ్వు సెలవుకొస్తావు. నా గడప తొక్కనని ఇప్పుడే ఒట్టు పెట్టుకుంటావేమో. పెట్టుకో. అమ్మ ఈడ ఉండాది. కొత్త కంటితో నిన్ను చూడాలని రోజులు లెక్కబెడతాంది. ఆమె కోసమైనా వస్తావు. అప్పుడు గేటు తీసేది నేనే.

ఇట్లు,
"నా మీదే" అని సంతకం పెట్టిన
నీ చెల్లెలు
రెజీనా